నీళ్ల పంతులు చేసిన పని

నీళ్ల పంతులు మొదటినుంచీ నోరున్న మనిషి. అడుగంటేదాకా తోడేసి రెండు బోర్లు ఎండబెట్టుకున్నామని అందరినీ కూర్చోబెట్టి తిట్టింది ఆయనే. మిగిలిన ఒక్క బోరు మీద మూడు కుటుంబాలూ బతకాలంటే కాలువ పారించడం మానేసి, మొక్క మొదట్లో చుక్కచుక్కగా పడే డ్రిప్పు పైపులు వేసుకోవాలని ఒప్పించిందీ ఆయనే. అందుకే ఆ పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదులా మోసేవాడు.

చెప్పడమైతే చెప్పాడు కానీ మనసు ఒప్పుకోలేదు. చిన్నప్పటినుంచీ ఆయనకు చేను తడపడమంటే మడినిండా నీళ్లు మెరవాలి, కాలు పెడితే బురద అంటాలి. ఇప్పుడేమో మొక్క చుట్టూ అరచేయంత తడి, మిగతాదంతా పొడినేల. ఆకలితో ఉన్న పిల్లాడికి చెంచాతో అన్నం పెడుతున్నట్టు ప్రాణం ఉసూరుమనేది. ఓ మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి, సూది కాల్చి, తన టమాటా చేలో పైపుల చిల్లులన్నీ పెద్దవి చేశాడు. నేల నల్లగా తడిసింది. ఆయన కడుపు నిండింది.

అదే పైపు చివర ఉన్నది వదిన చేను. అన్న పోయాక ఆవిడ ఆశంతా ఆ టమాటా మీదే. కొద్దిరోజులకే ఆవిడ సాళ్లు వాడిపోయాయి.

"మరిదీ, చుక్క పడట్లేదయ్యా. ఓసారి వచ్చి చూడవూ?" అని అడిగింది.

"మట్టి అడ్డం పడుంటుంది వదినా, కడుక్కో," అన్నాడు ముఖం తిప్పుకుని.

ఆవిడ నడుం పడిపోయేలా వంగి ఒక్కో చిల్లూ గుండుసూదితో శుభ్రం చేస్తుంటే గట్టు మీద నిలబడి చూశాడు. సిగ్గేసింది. చెప్పడానికి అంతకంటే సిగ్గేసింది.

వదిన చేను ఎండాక మూడు కుటుంబాలవాళ్లూ పంపు షెడ్డులో కూర్చున్నారు.

"ఈ చుక్కల సేద్యం మనకి అచ్చిరాదు, పీకేద్దాం. అదీ కాదంటే, చూసుకోవడం చేతకాకైనా ఎండి ఉండాలి," అన్నాడు బోరులో మూడో వాటాదారు, వదిన వైపు చూస్తూ.

పంతులు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"పోనీ, నాదే తప్పనుకోండి," అంది వదిన. "పైపులు మాత్రం పీకొద్దు. మళ్లీ కాలువ పెడితే ఈ బోరూ పోతుంది, అందరం పోతాం."

అది ఆయన రోజూ చెప్పే పాఠమే. ఇక కూర్చోలేకపోయాడు.

"తప్పు నాది. నా చేలో చిల్లులు నేనే పెద్దవి చేశాను. కంచే చేను మేసింది," అన్నాడు.

వదిన తలెత్తింది.

"తెలుసు మరిదీ. నీ చేను అంత పచ్చగా ఎలా ఉందో నేర్చుకుందామని నిన్న వచ్చాను. ఆ చిల్లులు చూశాను. అయినా పొద్దున్నే వచ్చి నాకు చెప్తావులే అనుకున్నాను. మా మరిది దాచేవాడు కాదులే అనుకున్నాను."