నేను పెట్టిన నాలుగు ముద్దలు

ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నోరు తెరిచి ఆడింది కాదు, నోరు మూసుకుని ఆడింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా తమ్ముడికి ఏళ్ల తరబడి గుండెల్లో మంట. పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్నేది. పొట్ట పైభాగం ఛాతీలోకి జరిగిందని, కిందికి లాగి కుట్టాలని విజయవాడ డాక్టరు చెప్పాడు. పొట్ట కొయ్యకుండా చిన్న చిన్న చిల్లుల్లోంచి చేసే ఆపరేషన్. అప్పటికి మా గుడివాడ వైపు అది వింత. చూడవచ్చినవాళ్లంతా ఆ ఐదు ప్లాస్టర్లు చూసి "ఇంతేనా!" అన్నారు. నేనూ అన్నాను. కోత కనబడకపోతే మా దృష్టిలో అది ఆపరేషనే కాదు.

మూడు వారాలు పల్చటి జావ, మజ్జిగ తప్ప ఏమీ ఇవ్వొద్దన్నారు. వాంతి రాకూడదన్నారు. నా మరదలు సుగుణ జావ కాచి, గుడ్డలో వడకట్టి మరీ ఇచ్చేది. వాడు చిక్కిపోతుంటే నేను చూడలేకపోయాను. కొరమేను తింటే పుండు ఇట్టే మానుతుందని మా వైపు నమ్మకం. ఎనిమిదో రోజు ముదినేపల్లి నుంచి నేనే పులుసు వండి వాడింటికి పట్టుకెళ్లాను. "బందరు వెళ్లి మీ అమ్మని చూసి రా, నేనుంటాగా" అని సుగుణను పంపేశాను. వదినది ఎంత మంచి మనసో అనుకుని ఉంటుంది పిచ్చిది.

పులుసు వాసనకి వాడు లేచి కూర్చున్నాడు.

"అక్కా, ఒక్క ముద్ద పెట్టవే. నోరు చచ్చిపోయింది."

"ఏమన్నా అయితేనో?"

"ఐదు చిల్లులేగా! ఏం కాదులే."

ముళ్లు తీసి, చిన్నప్పుడు పెట్టినట్టే అన్నం కలిపి పెట్టాను. నాలుగో ముద్ద దిగలేదు. ఛాతీ పట్టుకున్నాడు. కక్కుదామంటే పైకి రాదు, మింగుదామంటే కిందికి పోదు. మెలికలు తిరిగిపోతుంటే వీపు రాస్తూ నిలబడ్డాను. నేనేం చేయగలను? కానీ సుగుణ వచ్చేలోపు గిన్నెలు తోమేయగలిగాను. ఆ తెలివి మాత్రం ఎక్కడినుంచి వచ్చింది?

లోపలి కుట్లు తెగాయి. ఈసారి పొట్ట నిలువునా కోశారు.

"గట్టి పదార్థం ఏమన్నా పెట్టారా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"లేదండీ, జావ తప్ప ఏం ఇవ్వలేదండీ" అంది సుగుణ.

ఆయన నమ్మలేదు. మా అమ్మ అసలే నమ్మలేదు. "జావ కాయడం కూడా చేతకాదు దీనికి" అని అందరి ముందూ అనేసింది. నేను పక్కనే ఉన్నాను. తమ్ముడు కూడా ఏనాడూ నా పేరు ఎత్తలేదు. రేపు చెబుదాం, వాడు కోలుకున్నాక చెబుదాం, అమ్మ కోపం తగ్గాక చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి.

వాడు బతికాడు గానీ మునుపటి మనిషి కాలేదు. ఆ మధ్య వేరే జబ్బు చేసి పోయాడు. శవం పక్కన ఏడుస్తూనే, నిజం తెలిసిన మనిషి ఇక లేడని ఒక్క క్షణం ఊరట పడ్డాను. అది కూడా ఒప్పుకోవాలి.

మొన్న సుగుణ నాకు అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

"బందరు వెళ్లే తొందరలో ఆ రోజు జావ చిక్కగా కాచేశానేమో వదినా. ఆయన్ని నా చేతులారా నేనే పాడుచేసుకున్నాను."

అందరూ అనగా అనగా తనే నమ్మేసింది. "ఊరుకోవే" అన్నాను. వడ్డించింది తినేసి వచ్చాను.

ఇది రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. సుగుణ మాత్రం ఇవాళ కూడా ఆ జావనే తలుచుకుంటూ ఉంటుంది.