రెండోసారి అడిగేవాళ్ళు

ఈ పొద్దున వాకింగుకి వెళితే, సిడ్నీ శివారు టూంగాబీలో మా ఇంటి వెనకనున్న పార్కులో కౌన్సిల్ మనుషులు గోలు స్తంభాలు పీకేస్తున్నారు. అక్కర్లేనివాటిని ఎక్కడైనా పీకేస్తారు, అదేం వింత కాదు. అయినా ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఇన్నాళ్ళూ నిలబడ్డ ఆ తెల్లటి గొట్టాలను ట్రక్కులో పడుకోబెట్టడం చూసేసరికి నడక ఆపి, అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఈ మధ్య దేన్ని పీకేసినా చూస్తూ కూర్చోవడమే పని.

ఆ స్తంభాలు పాతించింది మా పక్కింటి పెద్దాయన. ఆయనది ఐర్లండులో ఓ చిన్న ఊరు. వయసులో ఉండగా ఇక్కడికి కాంక్రీటు పనికి వచ్చి, తన ఊరివాళ్ళు మరికొందరు తోడవగానే, ఊళ్ళో క్లబ్బుకున్నట్టే తన ఊరిపేరు పెట్టి ఇక్కడా ఒక క్లబ్బు మొదలుపెట్టారు. వాళ్ళాడేవి రెండాటలు. హర్లింగంటే, చివర వెడల్పుగా ఉండే కర్రతో చిన్నబంతిని గాల్లోనే బాదే ఆట, మన కర్రాబిళ్ళకి హాకీనిచ్చి పెళ్ళి చేస్తే పుట్టినట్టుంటుంది. రెండోది గేలిక్ ఫుట్‌బాల్, అందులో బంతిని చేత్తోనూ కొట్టొచ్చు, కాలితోనూ తన్నొచ్చు. మొదట్లో క్రికెట్ వాళ్ళు వెళ్ళిపోయేదాకా కాచుకుని, ఆ మైదానం అంచున, గోలుకి చెత్తడబ్బాలు పెట్టుకుని ఆడేవారట. ఇదంతా ఆయన కంచె మీదుగా చెప్పగా విన్నదే. చెబుతూ చెబుతూ ఒక ఏడు తీసుకెళ్ళి ఇంకో ఏట్లో కలిపేసేవారు గానీ, వాళ్ళమ్మ ఆ ఊరి జట్టు చొక్కాలన్నీ ఉతికి రాతిగోడ మీద ఆరేసేదన్న మాట మాత్రం ఎన్నడూ మరిచేవారు కాదు.

నేను పారమట్టాలో ఆఫీసుకి పోయి రావడం తప్ప మరో లోకం ఎరగని రోజులవి. ఐర్లండు నుంచి వచ్చే కుర్రాళ్ళు వీసా ఉన్నన్నాళ్ళు ఆడి వెళ్ళిపోతుంటే జట్టుకి మనుషులు చాలక, పెద్దాయన మా వీధిలోని తెలుగు పిల్లల్ని పోగేశారు. పిల్లల వెనక తండ్రులం. నాకు ఆట రాదు కనక తెల్లకోటొకటి తొడిగి గోలు పక్కన నిలబెట్టారు. బంతి వల్లో పడితే పచ్చజెండా, అడ్డకర్ర పైనుంచి పోతే తెల్లజెండా ఊపాలి. ఆ కోటులో నన్ను చూసి మా ఆవిడ, ఇంజక్షన్ ఎవరికండీ అని ఏడిపించేది. మా అమ్మ ఇక్కడికొచ్చిన ఏడు, దసరాకి ఆ కర్రలన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టింది. ఆట పూర్తయ్యేదాకా ఎవరూ తుడవకూడదని పెద్దాయన కుర్రాళ్ళకి హుకుం జారీ చేశారు. ఆ రోజు చిత్తుగా ఓడిపోయామనుకోండి, అది వేరే సంగతి.

నాకు వాళ్ళు అంత దగ్గరైంది మాత్రం మొహమాటం వల్ల. ఈ దేశంలో ఎవరింట్లోనైనా టీ తాగుతారా అంటే, వద్దండీ అన్నామో, అంతే సంగతులు. ఐరిష్ వాళ్ళు అలా కాదు, అచ్చం మనవాళ్ళే. మొదటిసారి వద్దంటారు, రెండోసారీ వద్దంటారు, ఆ తరవాత మీరింతగా అంటున్నారు కనక అంటూ కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. మా బాబాయి విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి వద్దువద్దంటూనే, నెయ్యి కారడానికి వేళ్ళ మధ్య సందు వదిలేవాడు. ఆ సందు కనిపెట్టడమే వడ్డించేవాళ్ళ పని.

క్లబ్బు ప్రెసిడెంటు ఎన్నికా అలాగే జరిగేది. ఏటా మీటింగులో పెద్దాయన లేచి, ఇక నా వల్ల కాదు, చిన్నవాళ్ళని చూసుకోండి అనేవారు. అందరూ గోలచేసేవారు. ఆయన మళ్ళీ కాదనేవారు. చివరికి ఎవరో ఒక ఇల్లాలు, నువ్వు తప్ప ఎవరున్నారయ్యా అని కసిరితే, నిట్టూర్చి, సరే, ఈ ఒక్క ఏడాదికే అనేవారు. ఆ ఒక్క ఏడాది ఎన్నేళ్ళు సాగిందో!

ఆ గోలచేసేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, కొందరు ఊళ్ళు మారారు. కిందటేడు మీటింగు నడిపింది పెద్దాయన మనవరాలు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, యూనివర్సిటీ చదువయ్యాక సెక్రటరీ పని నెత్తినేసుకుని క్లబ్బుకి ఊపిరి పోసింది. సిడ్నీలో అటువైపునున్న పెద్దక్లబ్బులో మమ్మల్ని కలిపేద్దామన్న మాట అప్పటికే నడుస్తోంది. తను కుర్చీలో ఉన్నంతకాలం మా ఊరిపేరు పోనివ్వనని పెద్దాయన నాతో కంచె దగ్గర గట్టిగానే అన్నారు. మీటింగులో ఆ పిల్ల, తాతా, మళ్ళీ నిలబడతావా అని ప్రేమగా అడిగింది. ఈయన అలవాటుగా, నా వల్ల కాదమ్మా, చిన్నవాళ్ళని చూసుకోండి అన్నారు.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, వచ్చి తాతని కావలించుకుంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక నేను కూర్చోకుండా, "ఇంకొక్కసారి అడుగమ్మా, ఆయన మాటవరసకి అన్నారు" అన్నాను.

"నో అన్నారు కదా అంకుల్. వుయ్ హావ్ టు రెస్పెక్ట్ దట్" అంది, ఎంతో మర్యాదగా.

పెద్దాయన వైపు చూశాను. ఆయనా నా వైపే చూస్తున్నారు. నా ఒక్కడి గొంతు గోలచేయడానికి చాలలేదు, ఆయనా తనంతట తాను నేనుంటానని అనలేరు, ఆ పుట్టుకే అలాంటిది. తరవాత క్లబ్బులు కలపడానికి చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. పిల్లల మాట తీసెయ్యలేక ఆయనా ఎత్తారు. ఆ ఎత్తిన చెయ్యి చూడలేక నేను నేలచూపులు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడాయన కంచె దగ్గరికి రావడం లేదు. ఆ పిల్లని తప్పుపట్టను. మాటని మాటగా వినడం నేర్చుకున్న తరం, అదీ ఒక మర్యాదే. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కానీ అమ్మ ఒక్కసారి అడిగి ఊరుకునేదా? మాట వెనక ఇంకో మాటుంటుందని వెతికే ఓపిక ఎవరికీ లేదు, ఇన్నేళ్ళ అలవాటు మార్చుకునే ఓపిక మాకూ లేదు.

మొన్న ఆదివారం, పిల్లల్ని తీసుకుని బీచికి వెళ్తున్నాం, వస్తారా మావయ్యా అని మా కోడలు అడిగింది. నాకెందుకమ్మా, మీరు వెళ్ళిరండి అన్నాను. నో వర్రీస్ మావయ్యా అని నవ్వి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. మంచిపిల్ల, అనడానికేమీ లేదు. కారు వీధి మలుపు తిరిగిన చప్పుడు విన్నాక, మెల్లిగా వంగి, అప్పటికే తొడుక్కున్న బూట్లు విప్పుకున్నాను.