కొబ్బరినూనె తాగిన జీపు

మా ఆయన జీపు ఎవరింటి ముందు ఆగినా నా చూపు ముందు కిందకే పోతుంది. ఇంజను కింద నల్లచుక్క పడిందా లేదా అని. పడని రోజంటూ లేదు. చుట్టాలావిడ తెల్లారగట్ల లేచి చక్కగా ముగ్గేసుకుంటే, సరిగ్గా దాని నడిమధ్యనే పడుతుంది. పక్కవీధిలో ఆపండి, నాలుగడుగులు నడిచి వద్దాం అంటాను. నడిచే ఓపికుంటే ఇక జీపెందుకూ అంటారాయన.

మాది అంబాజీపేట పక్క ఊరు. మాకు చిన్న కొబ్బరినూనె మిల్లుంది, అది ఆయన చూసుకుంటారు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఈ జీపు ఏదో ఆఫీసువాళ్ళు వాడి వాడి, ఇక మా వల్ల కాదని వేలం వేస్తే ఈయన వెళ్ళి తెచ్చుకున్నారు. ఇంటికొచ్చేటప్పటికే దాని కిలోమీటర్ల మీటరు తిరిగీ తిరిగీ ఆగిపోయి ఉంది. ఎంత తిరిగిందో దానికీ ఆ దేవుడికీ తెలియాలి.

ఆదివారం వచ్చిందంటే ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి, మిగతా మనిషి జీపు కిందుంటారు. కమానుపట్టీలకి గ్రీజు పెట్టడం, హీటరు ప్లగ్గులు విప్పి తుడవడం, సైలెన్సరుకి చిల్లి పడితే రేకు చుట్టడం. విప్పిన నట్లన్నీ నానబెట్టడానికి నా పిండి జల్లించుకునే బేసిను తీసికెళ్ళి అందులో కిరసనాయిలు పోసేరోసారి. ఇదేవిటండీ అంటే, కొత్తది కొనుక్కో, ఇది దీనికి అలవాటైపోయింది అన్నారు. ఏం చెప్తాం, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

స్కూల్లో నేను జీపని ఎప్పుడూ అనలేదు. 'మా బండి' అనేదాన్ని. మా హెడ్మిస్ట్రెస్ గారు ఒకసారి, కారేనా అండీ అని అడిగితే, అవునన్నట్టు ఆయ్ అనేసేను. అక్కణ్ణుంచి మొదలైంది నా అవస్థ. వానపడ్డ రోజుల్లో ఆయన నన్ను దింపడానికొస్తానంటే, స్కూలు ఇంకా అల్లంత దూరం ఉండగానే మలుపులో దిగిపోయి గొడుగేసుకుని నడిచేదాన్ని. ఆయనకి తెలుసు. ఎప్పుడూ అడగలేదు.

ఇక కొబ్బరినూనె సంగతి. మిల్లులో గానుగ అడుగున, పీపాల అడుగున మడ్డినూనె మిగులుతుంది. అమ్మకానికి పనికిరాదు. దాన్ని నాలుగు పొరల గుడ్డలో వడగట్టి డీజిల్లో కలిపి పోస్తే పాత ఇంజన్లు భేషుగ్గా నడుస్తాయని ఈయనకి ఎవరో చెప్పేరు. ఎండాకాలంలో మొదలెట్టేరు. నడిచింది! మామూలుకంటే మెత్తగా నడిచింది కూడాను. మన చెట్టు, మన కాయ, మన మిల్లు, మన బండి అని ఆయన ఒకటే మురిసిపోవడం. నాకు మాత్రం ప్రాణం పోయినంత పనయింది. నల్లటి పొగే నయం, ఇప్పుడు జీపు వెళ్ళిన వీధల్లా బజ్జీల కొట్టు వాసన. సెంటర్లో ఆగితే జనం చుట్టూ చూసేవారు, ఎక్కడ వేస్తున్నారా అని. నేను పైటచెంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని.

పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళి వచ్చింది. మా మిల్లుకి కాయ తోలే రైతు ఒకాయన ఉన్నారు, ఏటి మధ్య లంకలో ఉంటారు. నన్ను చెల్లెమ్మగారూ అంటారు, ఈయన్ని బావగారూ అంటారు. ఆయన కూతురి పెళ్ళి అంతర్వేదిలో, తెల్లారేక ముహూర్తం. ఆ రోజుల్లో ఏటిపాయలో నీళ్ళు తగ్గిపోయి పడవ తేలదు, కారు ఇసకలో దిగబడిపోతుంది. మిగతావాళ్ళు మోకాల్లోతు నీళ్ళలో నడిచి దాటగలరు. కానీ పెళ్ళికూతురి కాళ్ళకి పారాణి పెట్టేక పీటల దాకా నీళ్ళు తగలకూడదని వాళ్ళింట్లో పట్టింపు. దాటించగలిగేది ఈ చుట్టుపక్కల మా జీపొక్కటే. ఆయనొచ్చి అడిగితే మా ఆయన గుండెల మీద చెయ్యేసుకుని, నాదీ పూచీ అన్నారు.

ముందురోజు సాయంత్రమే జీపుతో లంకకి వెళ్ళి వాళ్ళింట్లోనే ఉన్నాం. జీపు బయట ఇసకలో, ఏటిగాలికి, మంచుకి తడుస్తూ ఉండిపోయింది. ఇంటి దగ్గరైతే మిల్లు పక్క పాకలో వెచ్చగా ఉండేది. ఆ తేడా మాకెవరికీ తట్టలేదు.

తెల్లవారుతుండగా మగపెళ్ళివారి కోసం కావిళ్ళు, సారె, చుట్టాలు అందరూ పాయ దాటి అవతల ఒడ్డున వ్యాన్లెక్కి వెళ్ళిపోయేరు. మేం వెనకాల తిన్నగా వచ్చేస్తాం అన్నాం. జీపు మొదట బాగానే అందుకుంది. వెనక సీట్లో పెళ్ళికూతురు, పక్కన నేను, ఎదురుగా వాళ్ళ నాయనమ్మ, ముందు వాళ్ళ నాన్న. పాయ మధ్యకి వచ్చేక ఒక్కసారి దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. చుట్టూ నీళ్ళు.

ఈయన దిగి బానెట్ లేపేరు. డీజిల్లో గాలి పట్టిందనుకున్నారు. పంపు మీద చిన్న మీట ఉంటుంది, పైపు నట్టు కొంచెం వదులు చేసి దాన్ని నొక్కుతూ ఉంటే బుడగలన్నీ పోయి డీజిలు వస్తుంది. నొక్కేరు, నొక్కేరు, బొటనవేలు ఎర్రబడిపోయింది. బుడగా రాలేదు, చుక్కా రాలేదు. అవతల వ్యానువాడికి ఫోన్ చేస్తే వాడు అప్పటికే సగం దారి దాటేసేడట. వెనక్కి రావాలంటే ముహూర్తం కాస్తా దాటిపోతుంది. పెళ్ళికూతురి తండ్రి మాటిమాటికీ తూర్పు వైపు చూస్తున్నారు. ఆ చూపు నేను భరించలేకపోయేను. వేరే ఏర్పాటేదైనా చూసుకోమని అప్పుడే నేనెందుకు చెప్పలేదురా భగవంతుడా అనుకున్నాను.

ఆఖరికి ఈయన ఫిల్టరు డబ్బా విప్పేరు. దాన్నిండా తెల్లగా, గట్టిగా, వెన్నముద్దలా ఉంది.

గడ్డకట్టిన కొబ్బరినూనె. చలికాలం వస్తే కొబ్బరినూనె సీసా పొయ్యి పక్కన పెట్టుకుని కరిగించుకోవడం మా సీమలో చంటిపిల్లలకి కూడా తెలుసు. మేమా నూనె తీసి బతికేవాళ్ళం. ఆ నూనే మా జీపు పేగుల్లో పేరుకుపోతుందని మా ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తోచలేదు. సిగ్గుతో నాకు చెవులు వేడెక్కిపోయేయి.

పెళ్ళికూతురే నోరు విప్పింది. "మావయ్యగారూ, వేడినీళ్ళు పోస్తే కరుగుతుందండి. ఇంటి దగ్గర కాగులో నా మంగళస్నానం నీళ్ళు ఇంకా ఉన్నాయండి."

నాయనమ్మగారు ఒక్క క్షణం నొచ్చుకున్నారు, పెళ్ళి నీళ్ళు బండికి పోయడమేవిటని. మళ్ళీ ఆవిడే, పోయండి, దానికీ శుభమే అవుతుంది అన్నారు. ఇంటి దగ్గర మిగిలినవాళ్ళని కేకేస్తే కొబ్బరిడొక్కల నిప్పు మీదున్న నీళ్ళని బిందెలతో ఇసకలో పరుగున తెచ్చేరు. పసుపు కలిపిన నీళ్ళు. గోనెపట్టాలు ముంచి ట్యాంకు చుట్టూ కప్పేరు, పైపు పొడుగునా పోసేరు, ఫిల్టరు మీద పోసేరు. పెళ్ళికూతురి తండ్రి పట్టుపంచె పైకి దోపుకుని తనే బిందె పట్టుకున్నారు. నూనె కరిగి మెల్లిగా బుడగలతో డీజిలు వచ్చింది. జీపు కదిలింది. పిల్ల కాళ్ళు తడవలేదు.

అంతర్వేది చేరేసరికి గౌరీపూజ వేళ దాటిపోయింది. పంతులుగారు, లగ్నం ఇంకా ఉందండి, త్వరపడండి అంటున్నారు. పందిట్లో ముందు వరసలో మా హెడ్మిస్ట్రెస్ గారు కూర్చునున్నారు. పెళ్ళికొడుకు వాళ్ళకి దగ్గర బంధువట, నాకు తెలీదు. జీపు ఆ వాసనంతా మోసుకొచ్చి సరిగ్గా పందిరి ముందు ఆగింది.

పెళ్ళికొడుకు మేనత్తగారు పెద్దమనిషి. అందరికీ వినపడేలా, "ముస్తాబుకే ఇంత పొద్దయితే రేపు కాపురానికొచ్చి ఏ వేళకి పొయ్యి వెలిగిస్తుందమ్మా ఈ పిల్ల?" అన్నారు.

పిల్ల తలొంచుకుంది. తండ్రి చేతులు జోడించి, తప్పయిపోయిందండి, ఇంట్లో ఆడవాళ్ళ పని కాస్త తెమల్లేదండి అన్నారు. జీపు మాట ఎత్తలేదు. మమ్మల్ని కాపాడేరన్నమాట, కన్నకూతుర్ని మాట పడనిచ్చి.

నా పక్కన మా ఆయన కదిలేరు. నల్లబడ్డ చేతులు, మోకాళ్ళదాకా బురద, చొక్కా మీద పసుపు నీళ్ళు. ఆయన ముందుకి వెళ్ళబోతున్నారని నాకు తెలిసింది. ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. ఊరుకోండి, ఎలాగూ అయిపోయింది కదా అని గొణిగేను. నా కళ్ళు హెడ్మిస్ట్రెస్ గారి మీదే ఉన్నాయి.

ఆయన విదిలించుకుని వెళ్ళేరు.

"ఆలస్యం పిల్లది కాదండి, నాది. జీపులో కొబ్బరినూనె పోసి నడుపుతున్నానండి. చలికి గడ్డకట్టుకుపోయి ఏట్లో ఆగిపోయింది. ఈ పిల్ల ఉపాయం చెప్పబట్టే ఇక్కడి దాకా వచ్చేం."

పందిరి పందిరంతా నవ్వింది. మేనత్తగారే ముందు నవ్వేరు. బండికి తలంటి పోసి తెచ్చేరా అండీ అని ఎవరో అంటే ఇంకా నవ్వేరు. ఈయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేరు. పిల్ల తలెత్తింది. భజంత్రీలు అందుకున్నాయి.

నేను స్తంభం చాటుకి వెళ్ళి నిలబడ్డాను. ఆ తర్వాత వారం స్కూల్లో అందరూ, కారు ఎలా ఉందండీ, నూనె పట్టిస్తున్నారా అని ఆటపట్టించేరు. తల కొట్టేసినట్టయ్యేది. అయినా అది పోయింది. జనం కొన్నాళ్ళు నవ్వి మర్చిపోయేరు. ఆయన మళ్ళీ ట్యాంకు కడిగి, పైపులు ఊది, వట్టి డీజిలే పోస్తున్నారు. ఆ చొక్కా మాత్రం నేనే ఉతికేను. గ్రీజు మరకలు, పసుపు మరకలు ఎంత రుద్దినా పోలేదు. వెనకాల నేను పట్టి లాగినచోట కుట్టు కాస్త పిగిలింది.

మొన్నామధ్య ఆ పిల్ల పుట్టింటికి వచ్చింది. ఏట్లోకి కొత్తనీరు రాకముందే దాటించమని, ఆ జీపే పంపమని వాళ్ళ నాన్న ప్రత్యేకంగా అడిగేరు. నేనూ వెళ్ళేను. పిల్ల కులాసాగా ఉంది, అత్తగారింట్లో తెల్లవారి పొయ్యి వెలిగించేది మేనత్తగారేనట, నవ్వుతూ చెప్పింది. పాయ దాటుతూ ఉండగా ఇంజను చప్పుడులో నా చెవి దగ్గరకి వంగింది.

"అత్తయ్యగారూ, ఆ రోజు పందిట్లో మీరు మావయ్యగారి చొక్కా పట్టుకున్నారు, చూసేనండి. అంత అలిసిపోయి ఉన్నారు, పడిపోతారేమోనని పట్టుకున్నారు కదండీ?"

ముందు సీట్లో ఆయన గేరు మార్చేరు. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది, వేళాకోళమేమీ లేదు ఆ చూపులో.

ఆయ్ అన్నాను.