మందు మానను, మార్పించుకుంటాను

మా ఆడపడుచు పోయింది. పోయిన వారం పొద్దున్నే కాఫీ తాగి, ఆత్రేయపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్టే, గుండె ఆగి పోయింది. డెబ్బై దాటిన మనిషి. ఎవరిచేతా సేవ చేయించుకోలేదు.

పరామర్శకు వచ్చిన ఒకావిడ నా పక్కన కూలబడి, “పాపం, పిచ్చితల్లి. ఏం సుఖపడిందండీ?” అంది.

“ఆవిడకున్నది పిచ్చి కాదండి, స్కిజోఫ్రీనియా. దానికి మందుంది. ఇలాంటి మాటలకే ఇంకా మందు రాలేదు” అన్నాను. ఆవిడ చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళు వెళ్ళొస్తానని చెప్పకూడదు కనుక అది మర్యాద కిందే చెల్లిపోయింది.

నేను కాపురానికి వచ్చేనాటికే మా ఆడపడుచుకు గొంతులు వినిపించేవి. ఇంట్లోవాళ్ళు అన్నంలో ఏదో కలుపుతున్నారని అవి చెప్పేవట. కాకినాడ డాక్టరుగారు మాత్రలు రాస్తే మింగనంది. మా అత్తగారు ఆలోచించి ఆలోచించి, మాత్ర నూరి ఆవకాయ అన్నంలో కలిపి, ముద్దలు చేసి కూతురి నోటికి అందించారు. ఆ తల్లి ప్రాణాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒక ముద్దలో నలగని మాత్ర పలుకు తగిలింది. గొంతులు చెప్పిన అబద్ధాన్ని మా అత్తగారు స్వహస్తాలతో నిజం చేసిపెట్టారు.

“అమ్మ చేతి ముద్దలోనే కలిపితే, ఇంకెవరి చేతిది తినమంటావ్ వదినా?” అని నన్నడిగింది. ఆ తరువాత తొక్క తీయని అరటిపండు, కొట్టని కొబ్బరికాయ తప్ప ముట్టలేదు. మనిషి చిక్కి సగమైంది.

మళ్ళీ కాకినాడ తీసుకెళ్ళాం. “కొన్ని మాత్రలు నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుందమ్మా. నూరొద్దు, దాచొద్దు. ఆవిడకే చెప్పి ఇవ్వండి” అన్నారు డాక్టరుగారు.

“చెబితే మింగదు కదండీ!” అన్నారు అత్తగారు.

అప్పటిదాకా గోడకేసి చూస్తున్న ఆడపడుచు ఇటు తిరిగింది. “అదేం మందో, ఎందుకో, దాంతో ఏమవుతుందో చెప్పి నా చేతిలో పెట్టండి. మింగాలో వద్దో అప్పుడు ఆలోచిస్తాను.”

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు. మత్తుగా ఉంటుంది, నోరెండుతుంది, ఒళ్ళు రావచ్చు, చేతులు వణకొచ్చు. ఏది వచ్చినా నాకు చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు అన్నారు. అంతా విని, మంచినీళ్ళు అడిగింది.

గొంతులు మెల్లగా సన్నగిల్లాయి. పూర్తిగా పోలేదు. “పక్కింటి రేడియో అనుకో వదినా. అది మోగుతుంటే మన పని మనం చేసుకోమూ?” అనేది. ఆమె పని పూతరేకులు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను పైన ఒక్క లాగు లాగితే రేకు లేచేది. మత్తుగా ఉన్న పూట మాత్రం పొయ్యి జోలికి పోయేది కాదు.

ఏళ్ళు గడిచాక చెయ్యి వణకడం మొదలైంది. రేకులు చిరిగిపోసాగాయి. వాళ్ళ బాబాయి వచ్చి, “ఇన్నేళ్ళుగా బాగానే ఉన్నావు కదమ్మా, ఇంకా ఆ మాత్రలెందుకు? ఆపేయ్, వణుకూ పోతుంది” అన్నాడు.

“బాగున్నది వాటివల్లే బాబాయ్. ఊళ్ళోకి గోదారి రావట్లేదని ఏటిగట్టు తవ్వేసుకుంటామా? మందు మానను. మార్పించుకుంటాను.”

ఈసారి డాక్టరమ్మ. పాత మందును కొద్దికొద్దిగా తగ్గిస్తూ వేరేది మొదలుపెట్టారు. బరువూ షుగరూ చూపించుకుంటూ ఉండాలన్నారు. నిద్ర తగ్గినా, తిండి మీద అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

ఇంటికి రాగానే నాతో, “నేను కంచంకేసి అదోలా చూస్తే చెప్పు వదినా. మొహమాటపడకు” అంది.

“నాకు మొహమాటమా?”

“అందుకేగా నీకు చెబుతున్నా.”

ఆ నెలలు నేను ఆమె కంచాన్ని కాపలా కాశాను. ఒకరోజు ముద్ద కలిపి ఆగిపోయింది. “కూర ఏదో తేడాగా ఉంది వదినా.” నా పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా రుచి చూశాను. మాడింది. వండింది నేనే. అంత ఆనందంగా మాడిన కూర తిన్నది ఈ డెల్టా మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా ఇలాంటి మాత్రలుంటే, ఆమె తరఫున ఒక్క మాట చెబుతాను. మనిషికి తెలియకుండా పెట్టకండి. మనిషి బాగుపడగానే ఆపకండి. ఇబ్బందుంటే డాక్టరుతో పోట్లాడండి, మాత్రతో కాదు.

కొత్త మందు కుదురుకున్నాక ఒక మధ్యాహ్నం పెరట్లో పొగ కనిపించి వెళ్ళాను. కుండ ముందు కూర్చుని ఉంది. పక్కన చిరిగిన రేకుల కుప్ప. గుడ్డ ముంచింది, లాగింది. రేకు అంచులు లేచాయి. రెండు చేతులతో నింపాదిగా ఎత్తి, ఎండకు ఎదురుగా పట్టుకుంది. ఎక్కడా చిరుగు లేదు, చేతుల్లో వణుకూ లేదు. ఆ తెల్లటి పొర వెనక ఆమె ముఖం, కదలకుండా.