చప్పుడు లేని దూకుళ్లు

కొత్త బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, నాకు నసీమా ఆపా గుర్తుకొస్తుంది. నేను గోదావరిఖనిలో ఒక బడిలో ఆటల టీచరును. మొన్న మా పిల్లలకు బూట్లు వచ్చాయి. డబ్బాలు విప్పీ విప్పకముందే తొడుక్కుని హాల్లో ధనాధన్ దూకడం మొదలుపెట్టారు. ఆపా ఉండి ఉంటే చెవులు మూసుకునేది, ఆ తర్వాత పకపకా నవ్వేది.

ఆపా అంటే అక్క, మేమంతా అలాగే పిలిచేవాళ్లం. బొగ్గుగనుల కంపెనీ దవాఖానలో నర్సు. నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో, తనకు మధ్యాహ్నం డ్యూటీ ఉన్నప్పుడల్లా, పొద్దున్నే మా కాలనీ కమ్యూనిటీ హాలుకు వచ్చి ఆడపిల్లలకు ఇండోర్ ఫుట్‌బాల్ నేర్పేది. జట్టుకు ఐదుగురే, చోటు చిన్నది. అక్కడ మొదటి రెండడుగులు ఎవరు ముందు వేస్తే వాళ్లదే బంతి. అందుకే మాచేత కప్పగంతులు వేయించేది, పాత సైకిల్ టైర్లు పరిచి ఒంటికాలితో దాటించేది. ఆ గంతుల్లో నేను ఏనుగుకు చెల్లెల్ని.

హాలు గోడకు ఆనుకునే మల్లేశ్ కాక క్వార్టరు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే మనిషి. ఒకరోజు లుంగీ ఎగ్గట్టుకుని, ఎర్రటి కళ్లతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందమ్మా గిది? రాత్రంత బొగ్గుబాయిల పనిచేసొచ్చిన. నెత్తి మీదనే దుంకుతున్నట్టుంది!"

సాయంత్రానికి హాలు కార్యదర్శి నుంచి కబురొచ్చింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే తాళమే. బయట ఆడదామంటే మా రామగుండం ఎండ మాడ్చేస్తుంది. నెలాఖరున పోటీలు. హాలు పోతే ఆట పోయినట్టే. ఎక్కువ మోత నాదే కాబట్టి నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాడు ఆపా మమ్మల్ని కోప్పడలేదు. "కాకది తప్పేం లేదు. నైట్ డ్యూటీ నేను గూడ చేస్త. పగటి నిద్ర ఎట్లుంటదో నాకెర్కే" అని, నన్ను దూకమంది. దూకాను. గోడ గడియారం ఊగింది.

"చూస్తివా? నీ జోరంత నేలకే ఇస్తున్నవ్. నేల ఏం చేసుకుంటదే దాన్ని? మడిమెలు కొట్టకు, మోకాళ్లు ఒదులు. ఆనీ ఆననట్టు ఆని మల్ల లెవ్వాలె. చప్పుడైందంటే వేగం పాయిందన్నట్టే."

ఆనాటి నుంచి మా ఆట మౌనవ్రతం పట్టింది. విజిల్ బదులు ఆపా చున్నీ ఊపేది. గోల్ పడితే అరవకుండా చేతులెత్తి ఆడించాలి. నవ్వు ఆపుకోలేక పొట్టలు పట్టుకునేవాళ్లం. చప్పుడు తగ్గేకొద్దీ నా కాళ్లు తేలికయ్యాయి. ఒక్కో పొద్దున నా వేగం చూసి నేనే బిత్తరపోయేదాన్ని.

ఓ ఉదయం మల్లేశ్ కాక మళ్లీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. అయిపోయింది, తాళం పడ్డట్టే అనుకున్నాం. ఆపా దండం పెట్టబోయింది.

"పిల్లలకేమన్న అయిందా అని అచ్చిన. రోజు ఉండే సప్పుడు లేకపాయె. ఫికరైతుంది, నిద్ర పడ్తలేదు!"

అన్ని రోజులు ఆపుకున్న నవ్వంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. కాక కూడా నవ్వి, మెట్టు మీద కూలబడి ఆట చూశాడు. పోతూ పోతూ, "ఆడుకోండ్రి, తాళం సంగతి నేను మాట్లాడుత" అన్నాడు.

పోటీల్లో ఆఖరి ఆట. నేను పక్కకొచ్చిన సంగతి అవతలి పిల్లకు తెలియనేలేదు. బంతి తీసుకుని గోల్ కొట్టాను. మా ఐదుగురం అలవాటు కొద్దీ కిమ్మనకుండా చేతులు ఊపాం. జనం వింతగా చూశారు. నిద్ర మానుకుని వచ్చిన కాక ఒక్కడే "గోల్!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

మిట్టమధ్యాహ్నం ఆటోలో తిరుగు ప్రయాణం. "ఇగ మీ మనసుతీర అరువుండ్రి" అంది ఆపా. గొంతులు పోయేలా అరిచాం. ఆటో కాలనీ మలుపు తిరిగింది. ఎవరూ చెప్పకుండానే అందరం నోళ్లు మూసుకున్నాం.

"ఏందే, ఆపిన్రు? నేను ఈడ్నే ఉన్న గదా!" అన్నాడు ముందు కూర్చున్న కాక.

"మిగిలిన రాత్రి షిఫ్టోళ్లు పండుకున్నరు కాకా" అన్నాను నెమ్మదిగా.

పోటీలో గెలిచిన కప్పు అందుకున్నప్పుడు కూడా తడవని ఆపా కళ్లు అప్పుడు తడిశాయి. నా చేయి పట్టుకుని, మా ఇల్లొచ్చేదాకా వదల్లేదు. ఆ పట్టు ఇప్పటికీ నా చేతిలోనే ఉంది.