మేకుకు మిగిలిన దారం

కారుకు సొట్ట పడితే ఆ వీధివాళ్ళు తిన్నగా వెళ్ళేది ఒకే షెడ్డుకు. ఆ షెడ్డాయన్ని పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అతను సొట్టల మేస్త్రి. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్న పని కాదది. చిన్నతనంలో పాత ఇనుము కొట్లో పనికి కుదిరి, పారేసిన బానెట్ల మీద సుత్తి ఆడించి, వేళ్ళు నలగ్గొట్టుకుని తనంతట తాను పట్టుకున్న విద్య. రేకుకు వెనక ఇనుప దిమ్మె ఆనించి, ముందు నుంచి సుత్తితో చిన్నగా తట్టుకుంటూ పోయేవాడు. పని అయిందనిపించాక కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. "చూడ్డానికి కాదు, తడమడానికి బాగుండాలి" అనేవాడు. అంతకు మించి పని గురించి మాట్లాడేవాడు కాదు.

అతనికున్న పిచ్చి ఒక్కటే, వంతెన యుద్ధం. ఎప్పుడో తాతల కాలంలో శత్రుసైన్యం నది దాటి వస్తుంటే ఆ ఊరివాళ్ళు వంతెన మీద అడ్డంగా నిలబడ్డారు. నిలబడి ఓడిపోయారు. ఏటా అదే రోజున ఊళ్ళో కొందరు పాత యూనిఫారాలు తొడుక్కుని ఆ పోరాటాన్ని వంతెన మీద ఆడి చూపిస్తారు. వాళ్ళు తమని తాము దళం అని పిలుచుకుంటారు. గెలిచిన సైన్యంగా నటించడానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు గానీ, ఓడిపోయేది మాత్రం దళమే.

మేస్త్రి అందులోకి వచ్చింది ఒక సొట్ట వల్లే. ఎవరో హెల్మెట్ పట్టుకొచ్చి బాగు చేయమన్నారు. అతను దాన్ని వేలితో మీటి, "ఇది హెల్మెట్టా, గిన్నె మీద మూతా?" అన్నాడు. అన్న పాపానికి హెల్మెట్లు కొనే పని అతని నెత్తిన పడింది. ఆ కాలపు అసలైనవి మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. వాటిని చూసి అచ్చం అలాగే ఉక్కురేకుతో కొత్తవి చేసే కార్ఖానా ఒకటి దూరాన ఉందని వాకబు చేసి తెలుసుకున్నాడు. ఎవరి తల కొలత వాళ్ళనే రాసిమ్మన్నాడు. తల కొలత చెప్పడంలో కూడా మనుషులు గొప్పలు పోతారని అప్పుడే తెలిసింది. బేకరీ అతని హెల్మెట్ ముక్కు మీదికి జారింది. కళ్ళు కనపడక శత్రువు మీదికి పోవాల్సినవాడు తిన్నగా నదిలోకి పోయాడు. జనం అది కూడా చరిత్రే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత మేస్త్రి ఎవరి మాటా నమ్మలేదు. తోలు కుట్టే దారానికి మైనం పట్టిస్తే అది సాగదు. ఆ దారాన్ని ఒక్కొక్కరి తల చుట్టూ తనే చుట్టి, కలిసిన చోట ముడి వేశాడు. ఆర్డరుతో పాటు ఆ దారాలే పంపేవాడు. కార్ఖానావాళ్ళు ఏ హెల్మెట్ లోపలి తోలుపట్టీని ఏ దారానికి సరిచేశారో, ఆ దారాన్ని దాని మడతలోనే పెట్టి తిప్పి పంపేవాళ్ళు. మేస్త్రి వాటిని తీసి షెడ్డు గోడకు వరసగా మేకులు కొట్టి తగిలించాడు. ఏ దారం ఎవరిదో చీటీ అక్కర్లేదు. పొడుగ్గా వేలాడేది బేకరీ అతనిది. కొస కాలి నల్లగా ఉన్నది మెడికల్ షాపాయనది. రెండు ముళ్ళున్నది బావమరిదిది. ఆ తల ముందుకూ వెనక్కూ పొడుగు, ఒక ముడితో లొంగలేదు. తన తలను మాత్రం తను కొలుచుకోలేడు కాబట్టి భార్య కొలిచింది. "ఊరందరికీ టోపీలు పెట్టడంలో మా ఆయన తర్వాతే ఎవరైనా" అని నవ్వుతూ ముడి వేసింది.

బావమరిది అంటే ఆమె తమ్ముడు. ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముతాడు. అక్క పెళ్ళినాటికి వాడికి మీసాలు కూడా సరిగా రాలేదు. దళంలో చేరతానంటే మేస్త్రి తన హెల్మెట్‌నే వాడి తలకు సరిపోయేలా మార్చి ఇచ్చి, తను ఆ ఏడాది సొట్టల హెల్మెట్‌తో నిలబడ్డాడు. పక్కపక్కనే నిలబడి ఇద్దరూ ఎన్నిసార్లు చచ్చిపోయారో లెక్కలేదు. "నా పక్కనే పడరా, లేచేటప్పుడు చెయ్యందిస్తాను" అనేవాడు మేస్త్రి.

ఈ ఏడు వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం బావమరిది షెడ్డుకు వచ్చాడు.

"బావా, ఆ దారాలు ఓసారి కావాలి."

"ఎందుకురా?"

"చలికి అందరికీ ఉన్ని టోపీలు అల్లిద్దామని. హెల్మెట్ కింద వేసుకోవచ్చు కదా."

మేస్త్రికి ముచ్చటేసింది. వాడికి బుద్ధొచ్చిందనుకున్నాడు. దారాలన్నీ తీసి మెలిపడకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. తనది కూడా తీయబోతే బావమరిది చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీది ఉండనీ బావా. నీ తల సంగతి నాకు తెలీదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

చలికాలం ముదిరింది గానీ ఉన్ని టోపీల మాట లేదు. ఒక ఉదయం కొరియర్ అతను పెద్ద అట్టపెట్టె తెచ్చి, ఇంటిని ఆనుకునే ఉన్న షెడ్డులో దించాడు. పైన కార్ఖానా ముద్ర, కింద మేస్త్రి పేరు. తను ఆర్డరేమీ పెట్టలేదు. పాతవాటికి తోలుపట్టీలు పంపారేమోనని పెట్టె విప్పాడు.

లోపల ఉన్నవి హెల్మెట్లే. కానీ వెడల్పాటి అంచుతో పళ్ళెంలా ఉండే దళం హెల్మెట్లు కావు. చెవుల మీదికి దిగి, మెడ వెనక వంపు తిరిగినవి. ఆ వంపు అతను ఏటా చూస్తూనే ఉన్నాడు. వంతెనకు అవతలి వైపు నుంచి మీదికొచ్చే సైన్యం పెట్టుకునేది అదే.

పొరపాటున ఇంకెవరి పెట్టో వచ్చిందనుకుని ఒకదాన్ని తిరగేశాడు. మడతలో పొడుగు దారం. ఇంకోదాంట్లో కాలిన కొస. ఒక్కొక్కటే తిరగేస్తూ పోయాడు. రెండు ముళ్ళ దారం కూడా కనిపించింది. అందరూ ఉన్నారు. అతనొక్కడే లేడు.

కార్ఖానాకు ఫోన్ చేశాడు.

"అయ్యో, మీ ఇంటికొచ్చిందాండీ?" అన్నాడు కార్ఖానా యజమాని. "మీ బావమరిదిగారు వాళ్ళింటి అడ్రసు ఇచ్చారు. మావాళ్ళు అలవాటు కొద్దీ మీది రాసేసుంటారు. అయినా అన్నీ మీ దారాలే కదా, మీకు తెలిసే కొంటున్నారనుకున్నానండీ. పని ఎలా ఉంది?"

మేస్త్రి హెల్మెట్‌ను మీటి చూశాడు. మోత నిండుగా ఉంది. అంచు మీద వేలు తిప్పాడు, ఎక్కడా గీరుకోలేదు. తోలుపట్టీ బిగించిన రివెట్లు లోపలి వైపు చదునుగా ఉన్నాయి. ఒక్క తప్పు దొరికితే బాగుండుననిపించింది. అన్నిట్లో వెతికాడు.

"పని బాగుంది" అని ఫోన్ పెట్టేశాడు.

భార్యకు ఏమీ చెప్పలేదు. దళం సామానేదో వచ్చిందన్నాడు, అంతే. ఆ సాయంత్రం పెట్టెను వ్యాన్‌లో వేసుకుని, దళం సాధన చేసే పాత గోదాముకు వెళ్ళాడు. నడుం మీద చేతులు పెట్టుకుని అందరికీ ఏదో చెబుతున్న బావమరిది పెట్టెను చూసి ఆగిపోయాడు.

"బావా! ఇది మీ ఇంటికెలా..."

"ఏటా వచ్చే ఇంటికే వచ్చింది. ఉన్ని టోపీలు బరువుగా ఉన్నాయిరా."

ఎవరూ నవ్వలేదు.

"నేనే చెబుదామనుకున్నాను బావా. సమయం చూసి."

"ఏ సమయం? వంతెన మీద నాకెదురొచ్చాకా?"

బేకరీ అతను ముందుకొచ్చాడు. "ఏమనుకోకు మేస్త్రీ. ఏటా ఓడిపోతుంటే మా పిల్లలు నవ్వుతున్నారు."

"ఓడిపోయిన మాట నిజం కదయ్యా."

"నిజమే. ఆ నిజం ఏటా మా నెత్తినే ఎందుకు పడాలి?"

"మీరంతా అటు పోతే ఇటు నిలబడేదెవరు?"

"పక్క ఊరివాళ్ళు ఒప్పుకున్నారు" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి. "పాత హెల్మెట్లు వాళ్ళకిచ్చేస్తున్నాం."

పాత హెల్మెట్లు. తను మీటి, తడిమి, నచ్చనివి తిప్పి పంపి కొన్నవి.

"నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"అడిగితే ఒప్పుకుంటావా నువ్వు? నువ్వు కాదంటే నీ మొహం మీద ఎదురు చెప్పే దమ్ము మాలో ఒక్కడికైనా ఉందా? పోయినేడు గుండీ రంగు తేడా అని ఈయన్ని అందరి ముందూ వరసలోంచి లాగేశావు. భార్యాపిల్లలు చూస్తుండగా!"

మెడికల్ షాపాయన తల వంచుకుని బూట్లు చూసుకున్నాడు. మేస్త్రికి ఆ మాట లోపలిదాకా దిగింది. గుండీ తప్పే. ఆయన్ని లాగిన తీరూ తప్పే. అది ఆ రోజే ఎవరైనా అనుంటే ఏమయ్యేది? కోప్పడేవాడేమో. కానీ వాళ్ళతోనే ఉండేవాడు.

అతను వంగి పెట్టె తెరిచాడు. హెల్మెట్లు ఒక్కొక్కటే తీసి, తోలుపట్టీ మడత విప్పి, దారం బయటికి లాగి, హెల్మెట్‌ను బల్ల మీద పెట్టసాగాడు.

"ఏం చేస్తున్నావ్ బావా?"

"హెల్మెట్లు మీవి. దారాలు నావి."

చివరికి రెండు ముళ్ళ దారం దగ్గరికి వచ్చాడు.

"అదొక్కటీ ఉంచు బావా. నా తల సంగతి నీకు తెలుసుగా, వచ్చేసారి..."

"వచ్చేసారి నువ్వే కొలుచుకో" అని దారం జేబులో వేసుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. సాధన ఉన్న రోజు అతను ఎప్పుడూ ఇంత తొందరగా రాలేదు. ఆలస్యమైతే "ఆ దళాన్నే కట్టుకోవాల్సింది" అని దెప్పే మనిషి, ఇవాళ ఎందుకు తొందరగా వచ్చారని అడగలేదు. అతను దారాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇవేమిటనీ అడగలేదు. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"వాడు నీకు చెప్పాడా?"

"తనే మీతో చెబుతానన్నాడండీ."

"నీకెప్పుడు చెప్పాడు?"

"దారాలు పట్టుకెళ్ళిన రోజే."

అప్పటి నుంచీ రోజూ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటూనే ఉన్నారు. ఉన్ని టోపీలు ఇంకా రాలేదేమని అతను ఆమెనే ఒకసారి అడిగాడు కూడా. "వస్తాయిలెండి" అంది.

"ఇటు మీరు, అటు తమ్ముడు" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "నేనెటు మాట్లాడను?"

"ఎటూ వద్దు. ఇన్నాళ్ళూ నేను ఇంట్లోనే ఉన్నాను కదా" అన్నాడు మేస్త్రి.

మర్నాడు షెడ్డులో దారాలన్నీ ఎవరి మేకుకు వాళ్ళవి తగిలించాడు. ఎందుకు తగిలించాడంటే అతనికే తెలీదు. చెయ్యి అలవాటుగా చేసేసింది. చివరి మేకుకు తన దారం ఎప్పటిలాగే ఉంది. దాని ముడి మీద కాసేపు వేలు పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వంతెన రోజున షెడ్డు తెరిచాడు. తలుపు సొట్టపోయిన కారుతో ఒకతను వచ్చాడు.

"ఇవాళ మీరు ఉండరనుకున్నాను మేస్త్రీ. వంతెన దగ్గర పని లేదా?"

"తలుపు ఊడదీయాలి. పట్టుకోండి."

తలుపు బల్ల మీదికి చేరింది. దిమ్మె ఆనించి సుత్తి అందుకున్నాడు. మధ్యాహ్నానికి నది వైపు నుంచి తుపాకుల చప్పుడు మొదలైంది. అది ఆగాక జనం కేకలు వినిపించాయి. ఏటా ఈ వేళకు అతను వంతెన మీద కళ్ళు మూసుకుని పడి ఉండేవాడు. అప్పుడు చప్పట్లు నెమ్మదిగా, వాన మొదలైనట్టు వచ్చేవి. ఇవాళ ఈలలు వినిపిస్తున్నాయి.

"ఎవరో గెలిచినట్టున్నారే!" అన్నాడు కారు అతను.

మేస్త్రి సుత్తి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని రేకు మీద అరచెయ్యి వేశాడు. నున్నగానే ఉంది. ఇంకోసారి తడిమాడు. మధ్యలో ఒకచోట చెయ్యి ఆగింది.

"అయిపోయిందా?" అన్నాడు కారు అతను.

"లేదు. ఇంకా ఉంది" అని మళ్ళీ సుత్తి అందుకున్నాడు.