నెమలి అని చెప్పాను

ఏళ్లుగా ఒక పిట్ట నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వాలనిపిస్తే నవ్వండి, మొదట్లో నేనూ నవ్వుకున్నాను. హత్య కాదు, దొంగతనం కాదు, ఒకరి కొంప కూల్చిందీ కాదు. ఒక పిట్టను చూశాను. చూసి చెప్పలేదు. ఇంతేనా అంటారు మీరు. ఇంతే అయితే, ఆదివారం చర్చిలో తల వంచి కళ్లు మూసుకున్నప్పుడల్లా నాకు దేవుడికంటే ముందు ఆ పిట్టే ఎందుకు కనబడుతుంది?

మా చర్చిలో పాదిరిగారి ముందు మోకరించి తప్పు చెప్పుకునే పద్ధతి లేదు. మావాళ్లు నేరుగా దేవుడితోనే చెప్పుకుంటారు. నేనూ చెప్పుకున్నాను. ఆయన విన్నాడు, ఏమీ అనలేదు. పోనీ స్త్రీల కూడికలో లేచి చెబుదామా అంటే, అక్కడ చెప్పింది సాయంత్రానికల్లా గోదావరిఖని మొత్తం తిరిగొస్తుంది. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే మేలు.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. లేకపోతే నాలో ఉన్నది పాపం ఎంతో, ఒళ్లుమంట ఎంతో మీకు అర్థం కాదు. నాకే ఇంకా అర్థం కాలేదు.

ఆయన బొగ్గుబాయిలో టబ్బులు, అంటే బొగ్గు నింపే చిన్న పెట్టెబండ్లు, లాగే ఇంజన్ మీద పనిచేశాడు. నేను కాలనీ బడిలో టీచరును. ఆయనకు ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. రాత్రి షిఫ్టు వారం వచ్చిందంటే పగలంతా మా రెండు గదుల క్వార్టర్లో ఊపిరి కూడా మెల్లగా పీల్చుకోవాలి. కుక్కర్ విజిల్ కూయకూడదు. గిన్నె కింద పడకూడదు. చుట్టాలు వచ్చినా గుమ్మంలోనే గుసగుసలు. "చప్పుడు చెయ్యకుండ్రి, డాడీ పండుకున్నడు" అని పిల్లలకు చెప్పీ చెప్పీ నా గొంతే తగ్గిపోయింది. ఇంట్లో మింగిన అరుపులన్నీ పాపం బడిలో మూడో తరగతి పిల్లల మీద పడేవి. బాయి పనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్లందరిదీ ఇదే కథ. నేను గొప్పగా పడ్డ కష్టమేమీ కాదు. కానీ పడ్డాను.

చివరి ఏళ్లలో ఒంట్లో బాగాలేక ఆయనకు పైన డ్యూటీ ఇచ్చారు, ఓపెన్‌కాస్టు గని దగ్గర, మేము ఓసీ అంటాం. గనిలోంచి తవ్విన మట్టిని పోసి పోసి అక్కడ గుట్టలయ్యాయి. గడ్డి మొలవని ఆ గుట్టల మీదే ఆయనకు పిట్టల పిచ్చి పట్టింది. బదిలీ మీద పోతూ ఒక ఇంజనీరు తన బైనాక్యులర్లు ఈయన చేతిలో పెట్టి పోయాడు. ఆ మహానుభావుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నా ప్రాణానికి మాత్రం అప్పటినుంచి శాంతి లేదు. మట్టి రంగు పిట్ట మట్టిలో కూర్చుంటే ఏం కనబడుతుందండీ? ఆయనకు కనబడేది. అన్నం చల్లారిపోతున్నా సరే, దాని తోక గురించి చెప్పేవాడు.

ఆ పిట్టలన్నిటికీ పెద్ద బట్టమేక పిట్ట. ఇది ఇప్పుడు మన వైపు లేదు. రాజస్థాన్ ఎడారి అంచున గడ్డి భూముల్లో కొద్దిగా మిగిలి ఉన్నాయట. నిలబడితే మనిషి నడుము దాకా వస్తుంది. ఆయన ఫోను తెరిస్తే అదే బొమ్మ. మా పెళ్లి ఫోటో ఉండేది అంతకుముందు.

నాకు సముద్రం చూడాలని ఉండేది. పెళ్లయినప్పటినుంచీ ఉండేది. రిటైర్ అయ్యాక విశాఖపట్నం తీసుకుపోతానని ఆయనే మాట ఇచ్చాడు. తీరా రిటైర్ అయ్యాక రాజస్థాన్ అన్నాడు. మరి సముద్రమో అంటే, "సముద్రం ఏడికి పోతది టీచరమ్మా? పిట్టలే పోతున్నయి. ముందుగాల గవి చూద్దాం" అన్నాడు. సముద్రాన్ని ఇప్పటికీ చూడలేదు.

మా పాత కారులో బయలుదేరాం, ఇద్దరమే. పెళ్లయ్యాక మేమిద్దరమే కలిసి దూరం పోవడం అదే మొదటిసారి. మామిడికాయ తొక్కు, కరెంటు కుక్కరు, బియ్యం మూట వెనక సీట్లో. నాగపూర్ దాటేదాకా నాకూ హుషారుగానే ఉంది. తర్వాత మొదలైంది. కరెంటు తీగ మీద ఏదో వాలితే చాలు, బ్రేకు. వెనక లారీవాడు తిడుతుంటే ఈయన బైనాక్యులర్లు పెట్టుకుని నవ్వుతాడు. "ఫికర్ చెయ్యకు, ఆడు హిందీల తిడుతున్నడు" అంటాడు. నాకు హిందీ వస్తుంది. అదీ నా ఖర్మ.

ఎడారి దగ్గరపడ్డాక నియమాలు పెట్టాడు. కారు ఆపి కూర్చున్నప్పుడు మాట్లాడకూడదు. టిఫిన్ కవర్ తెరవకూడదు, కరకరలాడుతుంది. ఏదైనా కనబడితే నోటితో చెప్పకూడదు, కారు డ్యాష్‌బోర్డు మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టాలి. బాయిలో అంతేనట. కింద నుంచి తాడు లాగి గంట కొడతారు. నడుస్తున్న టబ్బులు ఆగాలంటే ఒకటే గంట. "ఒక్క దెబ్బ వడితే నిద్రల గూడ నా చెయ్యి బ్రేకు మీదికే పోతది" అని గర్వంగా చెప్పాడు. నాతో రెండుమూడుసార్లు ప్రాక్టీసు కూడా చేయించాడు. చదువు చెప్పేదాన్ని, నాకే పాఠం!

ఆ రోజు పొద్దున్నే ఒక మట్టి దారి పక్కన కారు ఆపాం. దారిలో ఒక టీకొట్టు ఆయన బట్టమేకలు ఆ వైపు కనబడతాయని చెప్పాడట. చుట్టూ మోకాలెత్తు ఎండుగడ్డి. చలి. నాకు టీ లేదు, ఫ్లాస్కు మూత చప్పుడవుతుందని. సరే అనుకున్నాను. కాళ్లు పట్టేశాయి. సరే అనుకున్నాను. అప్పుడు ఆయన నా వైపు వంగి, మెల్లగా, చాలా ప్రేమగానే అన్నాడు.

"గాజులు చప్పుడైతున్నయి. తీసి బ్యాగుల పెట్టు జర."

మొగుడు బతికుండగా మొగుడే గాజులు తీయమనడం ఎక్కడైనా విన్నారా? మా మతంలో అలాంటి పట్టింపులు ఉండకూడదని పాస్టరమ్మ చెబుతుంది. ఉంటాయి. మతం మారినా మా అమ్మ మారలేదు, నేనూ మారలేదు. ఒక్కొక్కటే తీశాను. బ్యాగులో పెట్టాను. ఖాళీ చేతులు చూసుకున్నాను. జీవితమంతా నీ నిద్ర కోసం నోరు మూసుకున్నాను. ఇప్పుడు పిట్ట కోసం గాజులు కూడానా? నోరు మూసుకోవాలి, అంతే కదా. చూద్దువుగాని ఎలా మూసుకుంటానో.

అలా అనుకున్నానో లేదో, అది వచ్చింది.

నా వైపు. ఎడమ వైపు. ఆయన కుడి కిటికీలోంచి ఎక్కడో దూరంగా గద్దలను చూస్తున్నాడు. గడ్డిలోంచి ముందు తెల్లటి మెడ లేచింది. తల మీద నల్లటి టోపీ. తర్వాత గోధుమ రంగు ఒళ్లు, బలమైన కాళ్లు. ఫోన్లో రోజూ చూసిన బొమ్మ కదా, నేను పోల్చలేదని చెప్పే వీలు లేదు. మా పక్కింటి గేటంత దూరంలో ఉంది. ఒక అడుగు వేసి ఆగుతుంది. మెడ తిప్పి చూస్తుంది. మళ్లీ ఒక అడుగు. ఏ తొందరా లేదు దానికి.

నా వేలు డ్యాష్‌బోర్డు మీదే ఉంది. ఒక్క దెబ్బ. అంతే కొట్టాల్సింది.

కోపం వల్లే కొట్టలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కోపం నిజమే. కానీ కోపం ఎంతసేపు ఉంది? దాన్ని చూస్తూ చూస్తూ అన్నీ మరిచిపోయాను, గాజులను, టీని, సముద్రాన్ని. అంత అందంగా ఉంది. కోపం పూర్తిగా పోయింది. పోయాక కూడా కొట్టలేదు. అదీ నా నేరం. ఆ కాసేపు అది నాది, నా ఒక్కదానిది అనిపించింది. ఆయనకు ఇచ్చేస్తే ఆయనదైపోతుంది. ఊరంతా చెబుతాడు, నేను పక్కన కూర్చుని తల ఊపాలి. ఇంతకంటే సిగ్గుమాలిన కారణం ఏదైనా ఉంటుందా? ఉంటే చెప్పండి, కొంచెం ఊరట.

అంతలో ఆయనకు దగ్గు వచ్చింది. బాయి ఇచ్చిన దగ్గు, ఆపుకోలేడు. పిట్ట పరుగెత్తింది, పెద్ద రెక్కలు విప్పి గడ్డి మీదుగా లేచిపోయింది. ఆయన ఇటు తిరిగేసరికి దుమ్ము మాత్రమే ఉంది.

"ఏంది? ఏమన్న లేచిందా?"

"ఏం లేదు."

"గంత పెద్ద రెక్కల చప్పుడు ఇనవడ్డది గద!"

"నెమలి."

"నెమలా?" అని ఆయన నా మొహంలోకి చూశాడు. చూసి నమ్మాడు. నమ్మి నవ్వాడు. "మన ఓసీ గుట్టల మీద లెవ్వా నెమళ్లు? దానికోసం గింత దూరం వస్తిమా? పోనీ తియ్, నువ్వన్న ఏందో ఒకటి చూసినవు."

గాజులు నాకు ఆయనే తీసి ఇచ్చాడు. వేసుకున్నాను.

ఆ సాయంత్రమైనా చెప్పి ఉండవచ్చు. మర్నాడు మళ్లీ అదే చోటికి పోయి కూర్చున్నాం, అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఎటువైపు ఎగిరిందో నాకు తెలుసు. అటు పోదామంటే నెమలి సంగతి బయటపడుతుంది. ఒక్క మాట దాచడానికి మనిషి ఎన్ని మాటలు దాచాలో అప్పుడు తెలిసింది. ఆయన మాత్రం ఎదురుగాలిలో నిలబడి కళ్లు చికిలించి చూస్తూనే ఉన్నాడు. నాకు ఆయన మీద మళ్లీ చిరాకు వచ్చింది. తప్పు నాది, చిరాకు ఆయన మీద! మనసు ఎంత గడుసుదో చూడండి.

ఇంటికి వచ్చాక వచ్చిన ఆదివారం చర్చిలో ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. క్షేమంగా పోయి వచ్చినందుకు దేవుడికి స్తోత్రం అన్నాడు. అంతటితో కూర్చుంటే బాగుండేది. "పిట్టను మాత్రం ప్రభువు నాకు చూపియ్యలే. ఆయన చిత్తం. నాకది మంచిది కాదనుకున్నడేమో" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. నేను చేసిన పనిని దేవుడి మీదికి నెడుతుంటే ఆమెన్ అన్నదాన్ని నేను.

ఇంకొకటి ఉంది. బాయిలో ఎవరో ఒకతను ప్రమాదం చూసి కూడా భయపడి గంట కొట్టలేదట, ఎప్పుడో పాత సంగతి. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా మా ఆయన అతనితో మళ్లీ మాట్లాడలేదు. "చూసి గంట కొట్టనోని పక్కన నిలవడి పని చెయ్యద్దు" అంటాడు ఇప్పటికీ. అన్నప్పుడల్లా నేను వంటింట్లోకి పోయి ఏదో ఒక గిన్నె కడుగుతాను.

తర్వాత కొన్నేళ్లకు ఆయన చూపు తగ్గడం మొదలైంది. హైదరాబాదు దవాఖానలో చూపించాం. కంటి నరం ఎండిపోతోందట. పోయిన చూపు పోయినట్టే, ఉన్నదాన్ని మందుతో కొన్నాళ్లు నిలబెడతామన్నారు. ఇప్పుడు చుట్టూ నలుపు, నడుమ మసక. పొద్దున వరండాలో కూర్చుని, "తీగ మీద ఏం పిట్ట?" అని అడుగుతాడు. చూసి చెబుతాను. లకుముకి అంటాను, ఏట్రింత అంటాను. ఇప్పుడు ఒక్కటి కూడా తప్పు చెప్పను. తోక ఎలా ఉందో కూడా చెబుతాను. అన్నం చల్లారిపోతున్నా సరే.

కంట్లో చుక్కల మందు నేనే వేస్తాను. అప్పుడు చెబుదామనుకుంటాను. కళ్లు పెద్దగా తెరిచి, మొహం నా చేతికి అప్పజెప్పి పడుకుంటాడు. అలా పడుకున్న మనిషికి ఏం చెబుతాం? మందు వేసి, కళ్లు మూసుకోమని చెప్పి వచ్చేస్తాను.

ఇప్పుడు మళ్లీ రాజస్థాన్ పోదామంటున్నాడు. ఈ చలికాలమే. మా మరిది కారు నడుపుతాడట. ఈ మనిషితో ఎలా వేగాలి చెప్పండి! కనబడదు కదయ్యా, ఏం చూస్తావు అని అరిచాను. నిజంగానే అరిచాను, వీధిలోకి వినబడేటట్టు. ఆయన నొచ్చుకోలేదు.

"నాకు కనవడకుంటే ఏంది? నువ్వున్నవు గద. నువ్వు చూసి చెప్తే నేను చూసినట్టే."

నేను చూస్తే ఆయన చూసినట్టే అయితే, ఆయన ఎప్పుడో చూసేశాడన్నమాట. ఆ రాత్రి ఇలా కూడా లెక్క కట్టి చూసుకున్నాను, ఎలాగైనా తప్పించుకుందామని. లెక్క కుదరలేదు. ఆ పిట్ట మళ్లీ రాకపోతే ఏం చెప్పను? వస్తే మాత్రం ఏ మొహంతో చెప్పను? నేను దాని నడక చెబుతుంటేనే ఆయనకు తెలిసిపోతుంది, మొదటిసారి చూసిన మనిషి మాటలు కావవి అని. బాయిలో చీకట్లో గంట విని బతికినవాడు, గొంతులో తేడా పట్టలేడా?

చెప్తావా మరి అని అడగకండి. తెలియదు. మీకు చెప్పాను, లోపల కాస్త తేలికైంది, కాలేదని అబద్ధం ఆడను. కానీ తేలికైంది నాకే. అప్పటికే చూపు తగ్గి ఉంటే నా తప్పూ కొంత తగ్గుతుందని, డాక్టరును నేను విడిగా అడిగాను, ఈ జబ్బు ఎప్పటినుంచి ఉండి ఉంటుందని. ఆ ప్రయాణం నాటికి లేదన్నాడు. అంటే ఆ పొద్దున ఆయన కళ్లు మంచిగానే ఉన్నాయి.